రెండు బయోడేటాలు

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరి ఫోను మోగినా మేం ముగ్గురం ఉన్నచోటనే ఆగిపోయేవాళ్ళం. ఎవరు చేశారో తెలిసేదాకా ఊపిరి కూడా పూర్తిగా తీసుకునేవాళ్ళం కాదు. ఫిబ్రవరిలో మా అబ్బాయి నాగభూషణం తర్లుపాడు రోడ్డు మీద లారీ కింద పడ్డాడన్న కబురు ఫోనులోనే వచ్చింది. ఫోను ఎత్తింది నా భార్య సుబ్బులమ్మ. ఆ తర్వాత ఆమె ఫోను ముట్టుకోలేదు.

నేను తర్లుపాడు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. కాపురం మార్కాపురంలో. ఆ ఏడు వేసవి సెలవులు ఇచ్చేనాటికి ఇంట్లో మిగిలింది నేను, సుబ్బులమ్మ, కోడలు శ్రీశైలమ్మ, నాలుగేళ్ళ మనవరాలు అమ్ములు. కోడలిని ఇంట్లో శైలు అంటాం.

సెలవులు ఇచ్చిన వారానికే శైలు అన్న మాల్యాద్రి హనుమంతునిపాడు నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. మా వాడి దినాలకు పొయ్యిల దగ్గర నిలబడి వంటంతా చూసింది అతనే. గొర్రెలు, కొంచెం కంది చేను అతని ఆస్తి. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, నేల చూస్తూ మాట్లాడాడు.

"మామా, తప్పుగా అనుకోవద్దు. చెల్లెల్ని ఇంటికి పిలుచుకోని పోతా. ఇరవై ఏడేండ్ల పిల్ల. పొదిలిలో ఒక సంబంధం ఉంది. ఎరువుల దుకాణం. ఆయప్పకు పెండ్లాం పోయింది. మంచోళ్ళు."

సుబ్బులమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఉంది. చేతులు ఆగాయి.

శైలు వంటింటి గడపలో నిలబడి అంది. "నేను ఉద్యోగం చూసుకుంటా అన్నా."

"ఎవరిస్తారమ్మా నీకు? బీకాం చదివినోళ్ళు మార్కాపురం నిండా ఉండారు. ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు కొడతావా?"

"కొడతా."

మాల్యాద్రి నవ్వబోయి ఆపుకున్నాడు. "సరే. బడులు తెరిచేదాకా చూస్తా. ఈలోపల ఏదన్నా దొరికితే నీ ఇష్టం. లేకపోతే నా మాట వినాల."

అతను వెళ్ళిపోయాక అమ్ములు నా ఒళ్ళోకి ఎక్కి చొక్కా గుండీలతో ఆడుకుంది. పొదిలికి పోయినా, ఉద్యోగానికి పోయినా శైలు వెంట ఈ పిల్ల కూడా పోతుంది. వాడు మాకు వదిలిపోయింది ఈ పిల్లనే. మార్కాపురంలోనే ఉద్యోగం దొరికితే తప్ప మాకు దారి లేదు. ఆ రోజు నుంచి వీధిలో మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినబడితే నా చేయి దానంతటదే అమ్ములు మీదికి పోయేది.

మార్కాపురంలో ఉద్యోగం దొరకలేదు. శైలుతో డిగ్రీ చదివిన రత్నమ్మ ఒక ప్రకటన పంపింది. రాళ్ళు ఎగుమతి చేసే కంపెనీ ఒకదానికి ఒంగోలు ఆఫీసులో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే మనిషి కావాలి. ఒక్క పేజీలో సీవీ పంపాలి.

"ఒంగోలా!" అంది సుబ్బులమ్మ.

రాసిపెట్టే పని నా మీద పడింది. నేను జీవితంలో సీవీ రాసినవాణ్ణి కాదు. డీఎస్సీ పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. అయినా ఇంగ్లీషు మాస్టర్ని కదా అని తెల్ల కాగితం తీసుకుని మంచం మీద కూర్చున్నాను. పేరు. తండ్రి పేరు. భర్త పేరు. పుట్టిన తేదీ. కులం, మతం. వివాహం. వచ్చిన భాషలు. అభిరుచులు. కింద, పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం. నా కాలంలో అందరం అట్లాగే రాసేవాళ్ళం.

భర్త పేరు దగ్గర కలం ఆగింది. ఇంగ్లీషులో చనిపోయిన వాళ్ళ పేరుకు ముందు 'లేట్' అని రాయాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లలు తరగతి గుమ్మంలో నిలబడి నాతో రోజూ చెప్పే మాట అది. మూడక్షరాలు రాసి నాలుగోది రాయలేకపోయాను.

శైలు నా చేతిలోంచి కాగితం తీసుకుంది. "ఈ లైను వద్దు మామయ్యా. తండ్రి పేరు కూడా వద్దు. వాళ్ళకెందుకు అవన్నీ? నేను పని చేయగలనా లేదా, అదే కదా వాళ్ళు చూసేది."

లోపల నుంచి సుబ్బులమ్మ గొంతు వచ్చింది. "మొగుని పేరు లేకుండా కాయితం ఎట్ల ఉంటది? నాలుగు నెలలు కాలేదు, అప్పుడే కొట్టేస్తుండావా వాణ్ణి?"

"కొట్టేయడం కాదు అత్తమ్మా..."

"మరేంది?"

శైలు కాగితం మడిచి నా పక్కన పెట్టింది. సుబ్బులమ్మ ఆ రోజు ఆమెతో కలిసి అన్నానికి కూర్చోలేదు.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. వాక్యం నిలబడాలంటే క్రియ ఉండాలని పిల్లలకు చెప్తాను. కష్టపడే స్వభావం, నిజాయితీ, వినయం, ఇవన్నీ విశేషణాలు. ఎవరైనా రాసుకోవచ్చు. ఏం చేశావో చెప్పు అన్నాను.

"ఏం చేయలేదు మామయ్యా. ఇంట్లోనే ఉన్నా."

"ఇంట్లో ఉండి ఏం చేశావు?"

ఆమె అమ్ములుకు జడ వేస్తూ ఉంది. ఒక పాయ విప్పి మళ్ళీ అల్లింది. నాగభూషణం పలకరాతి టైల్స్ కమీషను మీద అమ్మేవాడు. గనుల వాళ్ళ దగ్గర సరుకు చూసి బెంగుళూరు, కొచ్చిన్ వాళ్ళకు పంపించడం వాడి పని.

"సైజులు, ధరలు రాసి పంపేదాన్ని. లోడు ఎక్కేముందు ఫోటోలు పెట్టేదాన్ని. సరుకు వెంట పోవాల్సిన ఈ-వే బిల్లు తీసేదాన్ని. పగిలినాయని వాళ్ళు గొడవ చేస్తే జవాబు రాసేదాన్ని. టైల్స్ పడుకోబెట్టకుండా నిలబెట్టి పేరిస్తే తక్కువ పగులుతాయని లోడింగు వాళ్ళు చెప్పినారు. అది ఫోటోలు తీసి అందరికీ రాసి పంపినా. ఆ తర్వాత గొడవలు తగ్గినాయి."

"మెయిళ్ళు వాడు రాసేవాడు కదా."

ఆమె చేతులు జడలోనే ఆగాయి.

"ఆయన చెప్పేవాడు మామయ్యా. నేను రాసేదాన్ని."

నేను కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. వాడు మెయిలు ప్రింటు తీసి నా దగ్గరికి తెచ్చేవాడు. తప్పులు చూడు నాయనా అనేవాడు. మొదట్లో దిద్దేవాణ్ణి. తర్వాత తర్వాత దిద్దడానికి ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఒక కాగితం బడికి తీసుకుపోయి స్టాఫ్‌రూములో చూపించాను కూడా, మా వాడి ఇంగ్లీషు చూడండి అని. పదో తరగతిలో వాడికి ఇంగ్లీషులో అత్తెసరు మార్కులు వచ్చాయి. పెళ్ళయ్యాక బాగుపడ్డాడనుకున్నాను.

"తప్పులు లేవని మీరన్న రోజు ఆయన నాకు జిలేబీ తెచ్చినాడు" అంది శైలు, తల ఎత్తకుండా.

వాడు పోయాక నా దగ్గర మిగిలిన కొద్దివాటిలో వాడి ఇంగ్లీషు ఒకటి. అది కూడా పోయిందని తెలిసినప్పుడు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇంకా ఏమేమి నేను అనుకున్నట్టు లేవో అని. సుబ్బులమ్మ తలుపు పక్కనే ఉంది. అంతా విన్నది.

"అంటే వాడు చేసిందంతా ఈమె చేసిందని రాస్తావా?" అంది.

"వాడు గనుల చుట్టూ తిరిగాడు. సరుకు చూశాడు. బేరం చేశాడు. ఈ పిల్ల రాసింది. ఇద్దరూ చేశారు."

దానికి ఒక్క మాట కావాలి. భర్త పేరు అనే గడి తీసేశాను. పని అన్నచోట మొదటి వాక్యంలో నాగభూషణంతో కలిసి పనిచేసినట్టు రాశాను. 'విత్' అన్న చిన్న మాట. అది ఉంటే పేరుకు ముందు చచ్చిపోయినట్టుగానీ బతికున్నట్టుగానీ ఏమీ అక్కర్లేదు. పని చేసిన సంవత్సరాలు పక్కన ఉన్నాయి, ఈ ఫిబ్రవరితో ఆగాయి. కింద శైలు చెప్పిన పనులన్నీ క్రియతో మొదలయ్యే చిన్న వాక్యాలుగా పెట్టాను. ప్రకటనలో వాళ్ళు అడిగిన పనికి దగ్గరగా ఉన్నవి పైకి తెచ్చాను. పగిలిన టైల్స్ సంగతి అన్నిటికంటే పైన పెట్టాను. అభిరుచులు, ప్రమాణం తీసేశాను. ఒక్క పేజీలో సరిపోయింది.

చివర ఒక లైను మిగిలింది. ఒంగోలులో ఉండటానికి సిద్ధం. అది నా చేత్తో రాయడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు.

"పాప సంగతి?" అన్నాను.

"వాళ్ళు పిలిస్తే నేనే చెప్తా మామయ్యా. నాతోనే ఉంటదని."

సుబ్బులమ్మ ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించమంది. వినిపించాను. ఎవరి పేరు ముందుందని అడిగింది. శైలుది అన్నాను. లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

బస్టాండు దగ్గర యేసుమణిది నెట్ సెంటరు. నా దగ్గర చదువుకున్న పిల్లే. కాగితం చూసి నవ్వింది.

"ఏంది సార్, ఇన్నేండ్లు మాకు లీవ్ లెటరే రాయించినారు. ఇది కూడా వచ్చా మీకు?"

"ఇప్పుడే నేర్చుకున్నాను."

"ఫోటో పెడదామా అక్కా? అందరూ పెడతారు."

"వద్దులే" అంది శైలు.

"రేపు ఏదన్నా అప్లికేషనుకు పనికొస్తది, తీసిపెడతాలే." తెల్ల తెర ముందు నిలబెట్టి ఫోటో తీసింది. సీవీ అంతా కొట్టి, ఫైలుకు 'శ్రీశైలమ్మ బయోడేటా' అని పేరు పెట్టింది. మా వైపు ఉద్యోగానికి పంపేదాన్నీ బయోడేటా అనే అంటారు, పెళ్ళికి పంపేదాన్నీ బయోడేటా అనే అంటారు. నేను దాన్ని గమనించి కూడా ఏమీ అనుకోలేదు. పంపబోతుంటే కరెంటు పోయింది.

"మీరు పోండి సార్, ఎండ. కరెంటు రాంగానే నేను పంపుతా."

ఇంటికి వచ్చాం. అమ్ములు ఆ పూట రెండుసార్లు దగ్గింది. రెండుసార్లూ ముగ్గురం లేచాం.

తర్వాతి వారం ఫోను మోగింది. శైలు ఫోనులో చెవి దగ్గర మాట వినపడదు, స్పీకరు పెట్టాల్సిందే. కొత్త నంబరు. శైలు నా వైపు చూసింది. ఎత్తమన్నాను.

"శ్రీశైలమ్మ గారేనా? ఒంగోలు ఆఫీసు నుంచి శ్యామలమ్మను మాట్లాడుతున్నానండీ. మీరు పంపింది ఇప్పుడే తెరిచాను." ఆవిడ గొంతులో నవ్వు ఉంది. "ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. చామనఛాయ. నక్షత్రం రోహిణి. మా ఆఫీసులో పెళ్ళికొడుకులెవరూ ఖాళీగా లేరమ్మా!"

ఆవిడ వెనుక ఇంకెవరో పకపకా నవ్వారు. శైలు ముఖంలో రక్తం లేదు.

"ఉండండి, ఇంకా ఉంది. వంట బాగా వచ్చును. మొదటి భర్త కాలం చేసినారు. ఆడపిల్ల ఒకతె. పాప తాత వద్దనే ఉంటుంది, వరునికి ఎట్టి బాధ్యతా లేదు..." నవ్వు ఆగిపోయింది. "అమ్మా, ఏమనుకోవద్దు. చివరిదాకా చూసుకోకుండా చదివాను."

పాప తాత వద్దనే ఉంటుంది. ఆ మాట చెవిన పడగానే నా గుండె కుదుటపడింది. మూడు నెలలుగా లేని నెమ్మది. అట్లా కుదుటపడినందుకే మరుక్షణం శైలు ముఖం చూడలేకపోయాను.

శైలు ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "మేడమ్, అది నేను పంపింది కాదు. నాకు తెలియకుండా మా వాళ్ళు రాయించిందనుకుంటా. దాంట్లో చివరి మాట తప్పు. పాప నా దగ్గరే ఉంటుంది."

"ఒంగోలు వచ్చినా?"

"యాడికి పోయినా."

"చిన్నపిల్లతో కష్టం కదమ్మా" అంది ఆవిడ. "సరే, అసలుది పంపించండి. ఈరోజే."

ఫోను పెట్టేశాక సుబ్బులమ్మ ముందు మాట్లాడింది. నెమ్మదిగానే మాట్లాడింది.

"దాంట్లో తప్పేముంది? పాప మన దగ్గర ఉంటదనే కదా మీ అన్న రాయించింది. నీ బతుకు నువ్వు చూసుకో, నేను కాదనను. పెండ్లి చేసుకుంటావో, ఉద్యోగం చేసుకుంటావో. బిడ్డను మాకు వదిలిపెట్టు. ఒంగోల్లో నువ్వు ఆఫీసుకు పోతే దాన్ని ఎవరు చూస్తారు?"

శైలు నా వైపు తిరిగింది. నేనేం చెప్తానా అని చూసింది. నేను చెప్పులేసుకుని నెట్ సెంటరుకు పోయాను.

యేసుమణి నెత్తి మీద చేయి పెట్టుకుంది. "ఆ మధ్యాన్నం కరెంటు రాంగానే మాల్యాద్రన్న వచ్చి పెండ్లిది కొట్టించినాడు సార్. ఫోటో నా దగ్గర ఉండనే ఉంది. ఇంట్లో అందరికీ తెలుసనుకున్నా. రెండిటికీ ఒకటే పేరు పెట్టినా. రెండూ ఒకేసారి పంపినా..." ఆమె తెర మీద వెతికి వెతికి నాలుక కరుచుకుంది. "అయ్యో సార్! పొదిలోళ్ళ వాట్సాప్‌కు ఉద్యోగానిది పోయింది."

సరైన దాన్ని నేను అక్కడే నిలబడి పంపించాను. వెళ్ళిందో లేదో మళ్ళీ మళ్ళీ చూశాను. వెళ్ళకపోయినా బాగుండునని ఒక క్షణం, వెళ్ళకపోతే ఎట్లా అని ఒక క్షణం.

ఇంటర్వ్యూకు పిలిచారు. పొద్దున్నే బస్సు ఎక్కి శైలు, నేను ఒంగోలు పోయాం. అమ్ములును సుబ్బులమ్మ దగ్గర ఉంచాం. కొనకనమిట్ల దాటేదాకా శైలు రోడ్డునే చూస్తూ కూర్చుంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా ముందు సీటు కడ్డీ పట్టుకునేది. నేనూ పట్టుకునేవాణ్ణి. ఒకరినొకరం చూడనట్టు ఉండేవాళ్ళం.

ఆఫీసులో నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అద్దం తలుపు అవతల శైలు వీపు కనిపిస్తోంది. మొదట నిటారుగా ఉంది. కొంచెంసేపటికి ముందుకు వంగి ఏదో రాస్తోంది. ఆ వీపును చూస్తూ, ఉద్యోగం రావాలని కోరుకోవాలో వద్దో తెలియక కూర్చున్నాను. దేవుడికి ఏమని దండం పెట్టుకోవాలో తెలియని రోజు నా జీవితంలో అదొక్కటే.

తిరుగు బస్సులో ఆమె చెప్పింది. ఫిబ్రవరి తర్వాత ఏం చేశావని శ్యామలమ్మ అడిగిందట.

"ఏం చెప్పావు?"

"ఏం చేయలేదని చెప్పినా. ఆయన పోయినాడని చెప్పినా. ఆమె గ్లాసు నా ముందుకు జరిపింది మామయ్యా. మంచినీళ్ళు తాగమంది." కిటికీలోంచి చూస్తూ అంది. "తర్వాత ఒక ఉత్తరం రాయమంది. రాళ్ళు పగిలినాయని ఎవరో తిట్టినారంట, దానికి జవాబు. రాసినా. ఇంగ్లీషు ఎవరు నేర్పించినారని అడిగింది. మా మామయ్య అన్నా."

"నేను నీకెప్పుడు నేర్పాను?"

"ఆయన తెచ్చే కాయితాల మీద మీరు ఎర్రసిరాతో దిద్దేవాళ్ళు కదా. అవన్నీ నాకే ఇచ్చేవాడు. చూసి మళ్ళీ రాసుకునేదాన్ని."

నేను కిటికీ వైపు తిరిగాను. పొదిలి వచ్చేదాకా అట్లాగే ఉన్నాను.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. అమ్ములు గడప మీద కూర్చుని ఉంది. తల్లిని చూసి పరుగెత్తలేదు. దగ్గరికి వచ్చి, చీర కొంగు పట్టుకుని, ఆమె కాళ్ళను ఒకటొకటిగా తడిమి చూసింది. సుబ్బులమ్మ వెనుక గోడకానుకుని ఉంది. కంచంలో పొద్దుటి అన్నం ఎండిపోయి ఉంది. పాప తినలేదు, ఈమె తినలేదు.

"పొద్దున్నుంచి ఒకటే మాట" అంది సుబ్బులమ్మ. "అమ్మ కూడా లారీ కింద పడిందా అని. కాదని ఎన్నిసార్లు చెప్పినా..." లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి శైలుకు ఇచ్చింది. సీవీ రాసిన రోజు తర్వాత ఆమె చేత్తో కోడలికి ఏదైనా ఇవ్వడం అదే మొదటిసారి.

ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరమన్నారు. ఆ మాట విని ఎవరం సంతోషం చూపించలేదు. పాప సంగతి ఎవరం ఎత్తలేదు. శైలు తన బట్టలు సర్దుకుంది, పాపవి బీరువాలోనే ఉంచింది. వాటిని తీయమని మేం చెప్పాలని ఆమె చూస్తోందని నాకు తెలుసు.

బడులు తెరవడానికి ముందు ఆదివారం మాల్యాద్రి వచ్చాడు. మోటారు సైకిలు ఆగీ ఆగకముందే మాటలు మొదలుపెట్టాడు.

"ఏంది మామా ఇది, నన్ను నవ్వులపాలు చేసినారు! పొదిలోళ్ళకు ఉద్యోగం కాయితం పోయింది. నేను సంబంధం చెడిందనుకున్నా. చెడలా! ఇంకా గట్టిగా అడుగుతా ఉండారు. ఈ-వే బిల్లులు తీస్తదంట కదా, బెంగుళూరోళ్ళతో మాట్లాడతదంట కదా, మా దుకాణంలో కూర్చుంటే సాలు అంటుండారు. ఆయప్పకు లెక్కలు రావంట." అమ్ములును దగ్గరికి తీసుకుని బుగ్గ గిల్లాడు. "ఒక్కటే మాట. పాపను తేవద్దన్నారు."

శైలు వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఆగింది.

"చెల్లెలికి ఒంగోల్లో ఉద్యోగం వచ్చింది నాయనా" అన్నాను.

"విన్నా. అక్కడ ఒంటరిగా, పసిపిల్లతో ఎట్ల ఉంటది? నువ్వే చెప్పు." అతను కుర్చీ నా దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు. "మామా, నీకు కావాల్సింది పాపే కదా. పాప నీ దగ్గరే ఉంటది. జీవితాంతం. నాదీ మాట. నువ్వు ఊ అంటే చెల్లెలు కాదనదు. నా మాట వినకపోయినా నీ మాట దాటదు."

అది నిజం. నా మాట దాటదు. సుబ్బులమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. అమ్ములు మాల్యాద్రి ఒళ్ళోంచి దిగి నా మోకాలు పట్టుకుంది. ఊ అనడానికి నోరు తెరవక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. నేను ఊరికే కూర్చుంటే అది ఒప్పుకున్నట్టే అవుతుందని అందరికీ తెలుసు. ఒంగోలు ఫోను వచ్చిన రోజూ అట్లాగే, ఒక్క మాట అనకుండా లేచి పోయాను.

"పాప వాళ్ళమ్మ దగ్గర ఉంటది" అన్నాను.

నా గొంతు నాకే సరిగా వినిపించలేదు. మళ్ళీ అన్నాను.

"పొదిలోళ్ళు ఒప్పుకోరు మామా."

"అయితే వాళ్ళను వద్దను."

"ఒంగోల్లో ఈ పిల్లను ఎవరు చూస్తారు? పొద్దున పోతే మాపటికి వస్తది చెల్లెలు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎన్నో రోజులుగా వెతుకుతున్నాను, లేదు. మాల్యాద్రి ఆ సంగతి కనిపెట్టాడు. చూశావా అన్నట్టు రెండు చేతులూ చాచాడు.

"నేను చూస్తా" అంది సుబ్బులమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె ఎవరినీ చూడకుండా తలుపుకు ఉన్న గొళ్ళెం సరిచేస్తోంది.

"ఆయనకు బడి ఉంది. నాకేం బడి ఉంది? ఒక గది చూసుకుంటాం. పాపను నేను చూస్తా, అది ఆఫీసుకు పోతది."

"మరి మామకు వంట అత్తా?"

"నేర్చుకుంటాడు. ఊరందరికీ నేర్పినోడు, అన్నం వార్చడం రాదా?"

మాల్యాద్రి బండి తాళంచెవి తీసి చేతిలో తిప్పాడు. కాసేపటికి, "ఒంగోల్లో మాకు తెలిసినోళ్ళు ఉండారు, గదికి నేను చెప్తాలే" అన్నాడు. వంటింట్లో శైలు నిలబడే ఉంది. బయటికి రాలేదు. సుబ్బులమ్మ బీరువా తెరిచి పాప గౌన్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. అమ్ములు వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. దానికి ఐదు దాకానే వచ్చు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

వాళ్ళు వెళ్ళే రోజు పొద్దున్నే బస్టాండుకు పోయాం. శైలు సామాన్లు పైన సర్దుతోంది. అమ్ములు కిటికీ పక్క సీటు తనకే అంది. సుబ్బులమ్మ కడ్డీల మధ్య నుంచి తొంగిచూసింది. ముఖంలో బెరుకు ఉంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నన్ను వదిలి ఇంకో ఊళ్ళో ఉండలేదు.

"ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు?"

"ఉద్యోగానికి పోయిందని చెప్తా."

"కోడల్ని కాదు. నన్ను అడిగితే?"

"నువ్వూ ఉద్యోగానికే."

ఆమె ఏదో అనబోయింది. కండక్టరు రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలాక కూడా నేను కిటికీ పక్కన కొంతదూరం నడిచాను. ఆమె చెప్తూనే ఉంది, గ్యాసు సంగతో, పాలవాడి సంగతో. నాకు వినపడటం లేదని తెలిసి, మాటలు ఆపి, ఇక ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేసింది.